పియానో మీద పెనుమూడి రేవు

మా అమ్మకు రేపల్లె ఆస్పత్రికి బదిలీ అయినప్పుడు నేను ఆరో తరగతి చదువుతున్నాను. అమ్మ నర్సు. అప్పటిదాకా తెనాలిలోనే పనిచేసింది. నాన్న తెనాలి హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఆదివారాలు మా చర్చిలో హార్మోనియం వాయించేవాడు, ఎవరైనా పిలిస్తే నాటకాల్లో పద్యాలకూ వాయించేవాడు. ఇద్దరి ఉద్యోగాలూ ఒక ఊళ్లో కుదరలేదు. నా చదువు చెడిపోతుందని నన్ను తెనాలిలోనే నాన్న దగ్గర, నాయనమ్మ దగ్గర ఉంచి, అమ్మ ఒక్కతే రేపల్లెలో గది తీసుకుంది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం అన్నం తినగానే నాన్న నన్ను సైకిలు మీద స్టేషనుకు తీసుకెళ్లి, రేపల్లె పాసింజరులో ఆడవాళ్ల పెట్టె ఎక్కించేవాడు. లోపల ఎవరో ఒక పెద్దావిడను చూసి, వాళ్లమ్మ రేపల్లెలో దింపుకుంటుందని, అందాకా కాస్త కనిపెట్టి ఉండమని అప్పగించేవాడు. ఆ బండికి తొందరనేది తెలీదు. వేమూరులో ఆగేది, భట్టిప్రోలులో ఆగేది, ఎందుకో తెలియకుండా చేల మధ్య కూడా ఆగేది. పక్కనున్న ఆవిడ జామకాయ ముక్క పెడితే తినేదాన్ని గానీ నా ధ్యాసంతా రేపల్లె ప్లాట్‌ఫారం మీదే. జనంలో తెల్లచీర కనిపించాకే నాకు ఊపిరి తిరిగేది.

అయితే అమ్మకు శనివారం సాయంత్రాలు డ్యూటీ పడేది. స్టేషన్లోంచి నన్ను రిక్షాలో కూర్చోబెట్టుకుని, ఆస్పత్రి వెనకవీధిలో ఉన్న పాత మిషను బంగళా దగ్గర దింపి, జడ సరిచేసి, బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్లిపోయేది. వారమంతా ఎదురుచూసిన మనిషి కాసేపు కనిపించి మళ్లీ మాయమయ్యేది. చీకటి పడ్డాక వచ్చి తీసుకెళ్లేది. ఆ మధ్యలో ఉన్న సాయంత్రాలన్నీ నేను గడిపింది టీచరుగారి దగ్గర.

టీచరుగారు ఆడపిల్లల బడిలో పనిచేసి రిటైరయిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎప్పుడో దొరలు కట్టించిన ఆ పెంకుటి బంగళాలో రెండు గదులు ఆవిడకు ఇచ్చారు. మిగతా గదులకు తాళాలు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఇంట్లో కూడా చీర కుచ్చిళ్లు చెదరకుండా ఉండేవి. ముందుగదిలో గోడకు ఆనించి నల్లటి పియానో. ఆవిడ చిన్నప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు ఒక దొరసాని ఆవిడకు దాని మీద వాయించడం నేర్పిందట. ఆ దొరసాని తమ దేశం వెళ్లిపోతూ పియానోను ఇక్కడే వదిలేసింది. అప్పట్నుంచీ దాన్ని తుడిచేదీ వాయించేదీ టీచరుగారొక్కరే.

మొదటి శనివారం నేను గుమ్మంలోనే కూర్చున్నాను, గేటు వైపు చూస్తూ. ఆవిడ ఓ పళ్లెంలో అటుకులు పెట్టి ఇచ్చారు. తినమని బలవంతపెట్టలేదు, ఏడవొద్దని కూడా అనలేదు. వెళ్లి పియానో ముందు కూర్చుని ఏదో వాయించడం మొదలుపెట్టారు. నాకు హార్మోనియం పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఇది వేరుగా ఉంది. ఒక్కో స్వరం చుక్కలా పడి, కాసేపు ఉండి, కరిగిపోతోంది. పాట మొదలై రెండు నిమిషాలైనా అయిందో లేదో, ఆగిపోయింది. అంత చిన్నది. ఆవిడ తల తిప్పకుండానే అడిగారు.

"ఏం కనపడిందే?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. పాట వినపడుతుంది గానీ కనపడడమేంటి? అయినా ఆవిడ జవాబు కోసం ఆగారు కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి.

"ఎవరో అరుగు మీద కూచున్నారండి."

"ఎందుకూ?"

"ఎవరో రావాలండి. ఇంకా రాలేదు."

ఆవిడ స్టాండు మీదున్న పుస్తకంలో పేజీ పైభాగాన్ని అరచేత్తో మూసి ఉంచారు. అప్పుడు చెయ్యి తీసి నన్ను పిలిచి చూపించారు. పైన ఇంగ్లీషులో పేరు ఉంది. మంచు కురుస్తోందని దాని అర్థమట. వాళ్ల దేశంలో చలికాలం ఆకాశంలోంచి మంచు దూదిలా రాలుతుందనీ, ఆ పాట చేసినాయన కిటికీలోంచి దాన్ని చూస్తూ చేసి ఉంటాడనీ చెప్పారు. మీరు చూశారా అని అడిగాను. లేదన్నారు. నేను చెప్పింది తప్పయిందని నా ముఖం చిన్నబోయింది. ఆవిడ గమనించారు. ఆ దొరసానికి ఆ పాటలో మంచే కనపడేదనీ, తనకు మాత్రం చిన్నప్పట్నుంచీ ఎండాకాలం వేపపూలు రాలడం కనపడుతుందనీ, ఇన్నాళ్లకు మూడో మనిషికి మూడోది కనపడిందనీ అన్నారు. ఆ మాటతో నాకు ఆవిడంటే భయం పోయింది.

ఆ పుస్తకంలో ఉన్నవన్నీ అలాంటి పొట్టి పాటలే. పేజీకొకటి, మహా అయితే రెండు పేజీలకొకటి. దేనికీ మాటలు లేవు. ఒక్కోదాంట్లో ఒక్క సంగతి. ఒకదాంట్లో ముసలాయన కుర్చీలో కునుకు తీస్తాడు. ఒకదాంట్లో పిల్లలు గుర్రం ఆట ఆడతారు. ఒకదాంట్లో సంగతంటూ ఏమీ జరగదు, మనసు బరువుగా ఉంటుంది, అంతే. పేరు మూసిపెట్టి వాయించడం, ఏం కనపడిందో నేను చెప్పడం, ఆ తర్వాత చెయ్యి తీయడం. శనివారాలు అలా గడిచాయి. అమ్మ ఎప్పుడొస్తుందా అని గేటు వైపు చూడడం తగ్గింది. అమ్మ వచ్చాక కూడా ఒక పాట అయ్యేదాకా ఆగమని బతిమాలిన రోజులున్నాయి. అలసిపోయి వచ్చిన అమ్మ గేటు దగ్గర రిక్షాలోనే కూర్చుని, ఇక రమ్మని చెయ్యి ఊపేది.

కొన్నాళ్లకు నాకు వేళ్లు పెట్టడం నేర్పారు. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి, ఆ తర్వాత రెండూ. హార్మోనియం మెట్ల మీద నాన్న నేర్పిన అలవాటుతో నేను మెట్టును నొక్కిపెట్టి ఉంచేదాన్ని. ఆవిడ నా మణికట్టు కింద తన వేలు పెట్టి పైకి లేపేవారు. బరువంతా వేలి కొసకు రావాలనీ, వచ్చిన వెంటనే వదిలేయాలనీ చెప్పేవారు.

పుస్తకంలో లేని పాటలు కూడా ఆవిడ దగ్గర ఉన్నాయని నాకు తెలిసింది ఒక వానాకాలంలో. ఆ రోజు వాన పట్టుకుని కరెంటు పోయింది. పేజీ కనపడక ఆవిడ పుస్తకం మూసేసి, ఎడమచేత్తో కింది స్వరాల్లో ఏదో బరువుగా, బద్ధకంగా మొదలుపెట్టారు. ఒక్కో స్వరం పడడం, ఆగడం, మళ్లీ పడడం. ఇంకెంత సేపని అనుకుంటుండగా కుడిచెయ్యి ఒక్కసారి పైస్వరాల్లో ఛెళ్లుమంది. మళ్లీ కింద అదే బద్ధకం. నేను ఆపుకోలేక నవ్వేశాను. ఏంటే అన్నారు.

"గేదెలండి. కాలవలోకి దిగుతున్నాయి."

ఆవిడ కూడా నవ్వారు. అంతగా నవ్వడం చూడడం అదే మొదలు. అది తను చేసిందేనని చెప్పారు. ఆ పైస్వరాలు గేదె తోక నీళ్ల మీద కొట్టడమట. అలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. రేపల్లె స్టేషన్లో ఇంజను నీళ్లు పట్టుకోవడం. మల్లెపూలమ్మే ఆవిడ వీధి మొదట్లో కేక పెట్టి, దగ్గరకు వచ్చి, దూరమైపోవడం. హాస్టల్లో చిన్నపిల్లలు ప్రార్థన మధ్యలో నిద్రకు తూలడం. వీటిలో ఏదీ కాగితం మీద రాసిపెట్టలేదు. తనకు వాయించడం వచ్చు గానీ సొంతంగా చేసినదాన్ని రాయడం ఆ దొరసాని నేర్పలేదట. నేర్చుకోకముందే ఆవిడ వెళ్లిపోయింది.

నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఏడాది అనుకుంటాను, ఒక శనివారం మా బండి తొందరగా వచ్చింది. అమ్మకు ఆస్పత్రిలో ఎవరికో కాన్పు ఉందని, నన్ను వీధి మలుపులోనే దింపేసి వెళ్లింది. నేను నడిచి గేటు తీసేసరికి లోపల పియానో మోగుతోంది. ఎప్పుడూ విననిది. గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కింద మూడు స్వరాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. పైన ఒక చిన్న రాగం వాటితో కలిసి నడిచి, కొంచెం కొంచెం విడిపోతోంది. ఆ రాగం స్వరాల మధ్య ఖాళీ పెరుగుతోంది. చివరికి పైన ఏమీ లేదు, కింద ఊగడమే మిగిలింది. నేను లోపలికి వెళ్లేసరికి ఆవిడ మూత వేసేశారు. అదేంటండి అని అడిగితే, పెనుమూడి రేవు అని మాత్రం చెప్పి, వంటగదిలోకి వెళ్లిపోయారు. ఏం కనపడిందని అడగలేదు.

పెనుమూడి రేవు నాకు తెలుసు. రేపల్లె నుంచి కృష్ణ దాటి దివిసీమ వైపు పోవాలంటే అక్కడ పడవ ఎక్కాలి. అప్పటికి వంతెన లేదు. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మను అడిగితే చెప్పింది. ఆస్పత్రిలో ఆయాలకూ నర్సులకూ అందరికీ తెలిసిన సంగతే అది. టీచరుగారికి ఒక చెల్లెలు ఉండేది. తల్లిదండ్రులు పోయాక ఆవిడే పెంచి, చదివించి, పెళ్లి చేసింది. ఆ చెల్లెలూ మరిదీ అవనిగడ్డ దగ్గర ఒక పల్లెటూళ్లో బడిపంతుళ్లు. సెలవులు వచ్చినప్పుడల్లా చెల్లెలు పడవ దాటి అక్కగారింటికి వచ్చేది. తిరిగి వెళ్లేటప్పుడు టీచరుగారు రేవుదాకా వెళ్లి, పడవ కనపడినంతసేపూ ఒడ్డున నిలబడేవారట. ఉప్పెన వచ్చిన ఏడాది ఆ ఊళ్లో చాలామంది పోయారు. చెల్లెలు ఇంటిల్లిపాదీ పోయారు. టీచరుగారు అటు వెళ్లడానికి దారులు తెరుచుకునేసరికే అంతా అయిపోయింది. ఏమీ చూడలేకపోయారు. అమ్మ అంతవరకు చెప్పి, ఈ సంగతి ఆవిడ దగ్గర ఎత్తొద్దని నాకు గట్టిగా చెప్పింది.

నేను ఎత్తలేదు. ఆవిడే ఎత్తారు, చాలా నెలల తర్వాత. ఎండలు ముదిరాయి, బడికి సెలవులిచ్చారు. నేను వారాల తరబడి రేపల్లెలోనే అమ్మ గదిలో ఉంటున్నాను. ఒకరోజు వేళ్ల సాధన అయ్యాక, ఆవిడ చేసిన పాటల్లో నాకు ఏవి వచ్చో ఒక్కోటీ వాయించమన్నారు. గేదెలు వాయించాను, పూలావిడ వాయించాను. అప్పుడు నా పక్కన బల్ల మీద కూర్చుని అన్నారు.

"రేవు కూడా నేర్చుకుంటావా? నేర్చుకుని నాకు వాయించి పెట్టాలి. నేను దూరంగా కూచుని వినాలి."

వాయించేటప్పుడు మీకు వినపడదాండి అని అడిగాను. చెయ్యి పనిలో ఉన్నప్పుడు చెవి సగమే పనిచేస్తుందన్నారు. ఎప్పుడూ ఇక్కడ కూర్చునే విన్నాననీ, బయట నుంచి అది ఎలా ఉంటుందో తనకు తెలియదనీ అన్నారు.

నేర్చుకోవడానికి సెలవులు చాల్లేదు. వానాకాలమంతా పట్టింది. మిగతా పాటలు వేళ్లకు కష్టం. ఇది వేళ్లకు సులువే. ఎడమచేతి మూడు స్వరాలూ మొదట్నుంచి చివరిదాకా ఒకే తూగులో ఉండాలి. కుడిచెయ్యి దూరమయ్యే కొద్దీ నాకు తెలియకుండానే ఎడమచెయ్యి కూడా దాని వెంటపడి తొందరపడేది. ఆవిడ నా ఎడమచేతి మీద తన చెయ్యి ఆనించి ఆపేవారు. మధ్యలో ఒకచోట కుడిచేతి రాగం మొదట విన్న వరసలోనే తిరిగొస్తుంది, వెనక్కు చూసినట్టు. వచ్చి, ఒక్క స్వరం మారి, మళ్లీ వెళ్లిపోతుంది. ఆ మారిన స్వరం దగ్గర ఆవిడ ప్రతిసారీ ఏదో ఒకటి సర్దేవారు. ఒక వారం ఇంకొంచెం ఆలస్యంగా అనేవారు. మరో వారం అక్కడ ఆగకూడదనేవారు.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, ఈ రోజు విందామన్నారు. అమ్మ ఆ రోజు పొద్దున్నుంచీ డ్యూటీలో ఉంది. ఆవిడ పేముకుర్చీ తీసుకుని వరండా దాటి, మెట్లు దిగి, ముందున్న ఖాళీస్థలమంతా నడిచి గేటు పక్కన వేసుకున్నారు. అంత దూరం ఎందుకో నాకు అర్థం కాలేదు. పియానో దగ్గర్నుంచి కిటికీలోంచి ఆవిడ చిన్నగా కనపడుతున్నారు. చెయ్యెత్తి మొదలుపెట్టమన్నారు.

మొదట్లో తొందరపడ్డాను. కాసేపటికి ఎడమచెయ్యి తన తూగులో పడింది. తర్వాత భయం లేదు. నా ఎదురుగా ఏమీ కనపడలేదు, రేవూ లేదు, పడవా లేదు. కిటికీ అవతల ఆ కుర్చీలో మనిషి ఉన్నారన్నది ఒక్కటే తెలుస్తోంది. చివర్లో పైస్వరం వదిలేశాక, కింది మూడూ కొంతసేపు ఊగించి, చెయ్యి తీసేశాను.

ఆవిడ లేవలేదు. రోడ్డు మీద సైకిళ్లు వెళ్తున్నాయి. ఎవరో గేటు దగ్గర ఆగి పలకరించారు కూడా, ఆవిడ తలూపారు. నేను మూత వెయ్యాలో వద్దో తెలియక అలాగే కూర్చున్నాను. చాలాసేపటికి కుర్చీ తీసుకుని వచ్చారు. వరండాలో కుర్చీ పెట్టి, లోపలికి వచ్చి, నా పక్కన కూర్చున్నారు. కళ్లల్లో నీళ్లున్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

"పడవలో కూచున్నవాళ్లకి పడవ కదిలినట్టు ఉండదే. ఒడ్డే వెనక్కి పోతున్నట్టు ఉంటది. ఒడ్డున నిలబడ్డవాళ్లే చిన్నయిపోతా ఉంటారు."

ఆవిడ ఒక మెట్టు మీద వేలు ఆనించారు, నొక్కలేదు.

"ఇన్నేళ్లూ మా చెల్లి వెళ్లిపోయిందనే అనుకున్నా. దానికేమో నేను వెళ్లిపోతున్నట్టు కనపడి ఉంటది."

ఆ తర్వాత నా తల మీద చెయ్యి వేసి, మొదట్లో తొందరపడ్డావు అన్నారు. లేచి వెళ్లి స్టవ్వు వెలిగించి కాఫీ పెట్టారు. ఆ సాయంత్రం గేదెల పాట, ఇంజను పాట, అన్నీ ఆవిడే వరసగా వాయించారు. రేవు పాట మాత్రం ఆ రోజు తర్వాత ఆవిడ తన చేత్తో వాయించగా నేను వినలేదు. వినాలనిపించినప్పుడు నన్ను వాయించమనేవారు. అప్పుడు కుర్చీ అంత దూరం తీసుకెళ్లేవారు కాదు, వరండాలోనే వేసుకునేవారు.

నేను పదో తరగతికి వచ్చేసరికి అమ్మకు తెనాలికి తిరిగి బదిలీ అయింది. నాలుగేళ్లపాటు నేను దేవుణ్ణి అడిగింది అదొక్కటే. అమ్మ రోజూ ఇంట్లో ఉండడం, పొద్దున్నే నా జడ తనే వెయ్యడం, చారు తనే కాయడం, ఇవన్నీ కొత్తగా ఉండేవి. కొన్ని వారాలు ఆ సంతోషంలోనే గడిచాయి. తర్వాత శనివారం మధ్యాహ్నాలు నాకు కాలు నిలిచేది కాదు. బండి వేళ అయ్యేసరికి గడియారం వైపు చూసేదాన్ని. మంచం మీద పడుకుని దుప్పటి మీద వేళ్లు ఆడించేదాన్ని. అమ్మ చూసి, వెళ్లాలనుందా అని అడిగేది. పరీక్షలున్నాయనేదాన్ని. అమ్మ కోసం బెంగపెట్టుకున్న పిల్లను, అమ్మ వచ్చాక ఇంకొకచోటి కోసం బెంగపెట్టుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఇంటర్ చదివే రోజుల్లో అప్పుడప్పుడూ వెళ్లి వచ్చేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఆవిడ పియానో తుడిచి మూత తీసి ఉంచేవారు.

తొంభైలో మే నెల తుఫానుకు ఆ బంగళా కప్పు పెంకులు లేచిపోయాయి. నాన్నా నేనూ వెళ్లేసరికి ముందుగది నేలంతా బురద. పియానో మీద టార్పాలిన్ కప్పారు గానీ, కప్పేలోపే తడవాల్సినంత తడిసింది. చెక్క ఉబ్బింది. మెట్టు నొక్కితే దిగి అక్కడే ఉండిపోతోంది, పైకి రావడం లేదు. నాన్న విప్పి చూస్తానన్నాడు. టీచరుగారు వద్దన్నారు. ఆ ఇంట్లో ఇక ఉండడానికి లేదు. బాపట్లలో ఆవిడ పినతండ్రి కొడుకు కూతురు ఉండేది, బ్యాంకులో పని. వచ్చి తమతో ఉండమని ఆవిణ్ని తీసుకెళ్లింది. పియానో అక్కడే ఉండిపోయింది. తర్వాత దాన్ని ఎవరు ఏం చేశారో నాకు తెలియదు.

ఆ ఏడే నాకు బాపట్లలో డిగ్రీలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండేదాన్ని. ఆదివారాలు టీచరుగారి దగ్గరికి వెళ్లేదాన్ని. ఆవిడ బాగా సన్నబడ్డారు. ఆ ఇంట్లో వాళ్లు మంచివాళ్లు, కుదురుగా చూసుకునేవారు. పిల్లలు టీవీ పెట్టుకుంటే ఆవిడ ఓ మూల నవ్వుతూ కూర్చునేవారు. పియానో మాట మా ఇద్దరిలో ఎవరం ఎత్తేవాళ్లం కాదు. ఒకసారి సాయంత్రం అందరం సూర్యలంక వెళ్లాం. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నిలబడ్డారు. నీళ్లు వచ్చి కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంటే నా భుజం పట్టుకున్నారు. సముద్రం చాలా పెద్దది, దీన్ని పాట చెయ్యడం తన వల్ల కాదని అన్నారు. తన చేతికి కాలవ, రేవు, వీధి, అంతవరకే పట్టేదట.

మరుసటి ఏడు ఒక నాటకానికి వాయించమని నాన్నను బాపట్ల పిలిచారు. హార్మోనియం పెట్టె పట్టుకుని వచ్చాడు. నాటకం ఆ సాయంత్రం. మధ్యాహ్నం ఖాళీయే కదా అని నాన్ననూ పెట్టెనూ టీచరుగారింటికి తీసుకెళ్లాను. కాఫీలయ్యాక, ఉండబట్టలేక అడిగాను. రేవు దీని మీద వాయించనా అండి అని. ఆవిడ కొంచెం ఆలోచించి సరేనన్నారు. ఆ పాటకు రెండు చేతులూ కావాలి, హార్మోనియానికి ఒక చెయ్యి తిత్తికే పోతుంది. అందుకని నాన్న పెట్టె వెనక కూర్చుని గాలి కొట్టాడు, నేను ముందు కూర్చుని రెండు చేతులతో వాయించాను.

కుదరలేదు. మెట్టు నొక్కి ఉంచితే స్వరం తగ్గకుండా అలాగే నిలబడి ఉంటోంది, వదిలేస్తే తెగిపోతోంది. దూరమవ్వడమనేదే లేదు. నేను మధ్యలో ఆపేశాను. టీచరుగారు నవ్వుతున్నారు.

"ఇది అవతలి ఒడ్డు చేరేట్టు లేదు మాస్టారూ, ఏట్లోనే నిలబడిపోయింది."

నాన్న కూడా నవ్వాడు. గాలి ఉన్నంతసేపూ తన పెట్టెలో స్వరం తగ్గదనీ, పియానోలో మాత్రం స్వరం పుట్టిన క్షణం నుంచే తగ్గడం మొదలవుతుందనీ, అదే ఆ వాయిద్యానికి లోటని తను ఎప్పుడూ అనుకునేవాణ్ననీ అన్నాడు. తగ్గబట్టే కదండి, చెవి దాని వెంట పోయేది, అన్నారు ఆవిడ. నాన్న పెట్టె మూత వేశాడు. వెళ్లేటప్పుడు ఆవిడకు రెండు చేతులూ జోడించాడు.

ఆ ఏడు క్రిస్మస్ సెలవులకు నేను తెనాలి వచ్చాను. తిరిగి వెళ్లిన రోజు హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, బ్యాంకావిడ రెండుసార్లు వచ్చి నా కోసం అడిగి వెళ్లిందని. అప్పటికే టీచరుగారి సమాధి కూడా అయిపోయింది. నిద్రలోనే పోయారట. ఆ ఇంటికి వెళ్తే మంచం తీసేసి ఉంది. ఆవిడ పేముకుర్చీ వరండాలో పెట్టి, దాని మీద పిల్లల బట్టలు ఆరేశారు. అందులో తప్పేమీ లేదు. నేను కాసేపు ఉండి వచ్చేశాను.

చదువయ్యాక కొల్లిపర దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. తెనాలి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. పెళ్లయింది, ఒక బాబు పుట్టాడు. ఇంట్లో చిన్న కీబోర్డు ఒకటి ఉండేది, మా చర్చి పిల్లలకు పాటలు నేర్పడానికి. దాని మీద గేదెల పాట వాయిస్తే పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. రేవు మాత్రం దాని మీద వాయించాలనిపించలేదు. నిజం పియానో దొరికినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. అలా ఏళ్లు గడిచిపోయాయి.

పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఒక వేసవిలో మమ్మల్ని గుంటూరు పంపారు. మాకు ఇచ్చిన స్కూల్లో ప్రార్థన హాలు ఒకటి ఉంది, దాంట్లో ఒక పాత పియానో. చివరిరోజు పని తొందరగా అయిపోయింది. అటెండర్ను అడిగితే తాళం తీశాడు. శ్రుతి కొంచెం తప్పింది గానీ మెట్లు బాగానే లేస్తున్నాయి. కూర్చుని ఎడమచెయ్యి మొదలుపెట్టాను. అది పోలేదు, తనంతట తనే నడిచింది. కుడిచేతి రాగం కూడా వచ్చింది. మొదటి భాగం అంతా వచ్చింది. రాగం తిరిగొచ్చే చోటు దగ్గర, ఆ ఒక్క స్వరం మారాల్సిన చోట, నా వేళ్లు ఆగిపోయాయి. ఏ స్వరమో గుర్తు లేదు. ఆ తర్వాత వచ్చే వరస కూడా గుర్తు లేదు. చివరి భాగం మళ్లీ ఉంది. మొదట్నుంచి ఎన్నిసార్లు వాయించినా అక్కడికొచ్చేసరికి ఖాళీ. ఆవిడ ప్రతి వారం సర్దిన చోటే అది. అన్ని రకాలుగా సర్దారు కాబట్టేనేమో, చివరికి ఏది నిలిచిందో నా చేతికి అందలేదు. అడగడానికి మనిషి లేరు. మధ్యలో నేనే ఏదైనా కల్పించి రెండు ముక్కలూ అతకొచ్చు. నాకు చేతనవుతుంది కూడా. కానీ చెయ్యి రాలేదు. అటెండర్ గుమ్మంలో నిలబడి, అయిందా అమ్మా అని అడిగాడు. అయిందండి అని లేచి వచ్చేశాను.

తెనాలి చేరేసరికి సాయంత్రమైంది. ఆ రోజుల్లో అమ్మ రిటైరై మా దగ్గరే ఉంటోంది. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మొహం అలా ఉందేంటని అడిగింది. చెప్పాను. చేట పక్కన పెట్టి నన్ను చూసింది.

"నేను ఆ పాట ఎప్పుడూ వినలేదే. నువ్వు వాయించేటప్పుడల్లా నేను డ్యూటీలోనే ఉన్నా. ఏదీ, ఒక్కసారి వినిపించు."

వినిపించడానికి నా దగ్గర సగమే ఉంది. ఆ సగమైనా కావాలంది. అమ్మ పక్కనే కింద కూర్చుని, గుర్తున్నంతవరకు సన్నగా గొంతుతో పాడాను. ఖాళీ వచ్చిన చోట పాడడం ఆపి, అక్కడ ఏం ఉండేదో మాటల్లో చెప్పాను. పడవ కొంచెం దూరం వెళ్తుందనీ, అందులో ఉన్న మనిషి ఒక్కసారి వెనక్కు చూస్తుందనీ, ఒడ్డున నిలబడ్డ మనిషి ఇంకా కనపడుతోందనీ. తర్వాత మిగిలిన ముక్క పాడాను. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేను కూడా కొన్ని కాయలు తీసుకుని ఈనెలు తీశాను. చీకటి పడేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.